పదిహేడో ప్రశ్న

శుక్రవారం, అసర్ నమాజు దాటాక
జిలీబ్‌లో బకాలా వెనక గది.
ఆరు మంచాలు, ఒకటే కిటికీ,
కిటికీని సగం మింగేసిన ఏసీ.
మస్తానమ్మ చాప మీద కూచుని
ఆరుగురి పచ్చడికి వెల్లుల్లి వలుస్తోంది.
మస్తానమ్మ అంటున్నాను గానీ
అది ఆమె పేరు కాదు.

కమిటీ వాళ్లు సీలేసి ఇచ్చిన అంగీకారపత్రం
నాలుగు పేజీలూ చదివి వినిపించాను.
ఎప్పుడైనా ఆపమనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు,
చివర సంతకం, లేదా వేలిముద్ర.

బొటనవేలు పిడికిట్లో దాచుకుంది.
"ముద్ర మాత్రం అడగొద్దు మా.
రాయచోటిలో ఏజెంటు అడిగితే ఒకటి ఏసినా.
ఆ అరబ్బీ కాయితంలో ఏముండాదో ఈ పొద్దుకీ తెలీదు.
నోటిమాట చాల్దా?"
నాలుగు పేజీల్లో నోటిమాటకు గడి లేదు.
మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒకటి గీశాను.

పేరు మార్చి రాస్తానన్నాను.
"మార్చేదానికి ఏం మిగిలుండాదని?
పనింట్లో మామా నన్ను రోసీ అంటాది.
నాకు ముందు చేసిన పిల్ల పేరంట అది.
ఇంకో పేరుకు నోరు తిరగదని అదే ఉంచినారు.
నువ్వొకటి పెడతావా?
కాకరకాయ అని పెట్టుకో పో."
పై మంచం మీదావిడ దుప్పట్లో పడీపడీ నవ్వింది.
నా ఫైలులో ఆమె ఇప్పటికీ కాకరకాయే.

"నీకెంతొస్తాది దీనికి?"
ఫెలోషిప్ ఎంతో చెప్పేశాను.
వేళ్ల మీద దీనార్లు లెక్కేసింది.
"అయితే నా బతుక్కి
నాకంటే నీకే జీతమెక్కువ."
కోపం లేదు ఆ మాటలో.
ఉల్లిగడ్డల ధర చెప్పినట్టు చెప్పింది.

పదిహేడో ప్రశ్న.
రోజుకు ఎన్ని గంటలు పిల్లలతో గడుపుతారు?

వెల్లుల్లి మీంచి తలెత్తలేదు.
"ఎవరి పిల్లలతో?"

గడిలో ఒక్క అంకెకే చోటు.
పద్నాలుగు అని వేస్తే అబద్ధం కాదు.
ఫోన్లో చార్జింగ్ ఉన్నంతసేపు అని వేసినా
అబద్ధం కాదు.

తర్వాత ఒక సంగతి చెప్పింది, ఇరవై నిమిషాలు.
నా గైడ్ వింటే కుర్చీలోంచి లేచేవాడు.
ఆమె గొంతు పూడుకుపోతుంటే
నేను లోపల్లోపల
అధ్యాయానికి పేరు పెట్టేసుకున్నాను.
రాయడానికి సిగ్గేస్తోంది, అయినా పెట్టుకున్నాను.

ముక్కు తుడుచుకుని అంది,
"ఇది తీసెయ్ మా.
నా బిడ్డకు చదువొస్తాండాది.
ఎప్పుడో ఒకనాడు నీ పుస్తకం దాని చేతిలో పడదా?"

ఆమె చూస్తుండగానే తుడిచేశాను.
ఖాయమేనా, అని అడిగింది యంత్రం.
నా వేలు క్షణం ఆగింది.
ఆ క్షణాన్ని ఆమె చూసింది.
ఈ పద్యంలో ఆ సంగతి కోసం వెతకొద్దు, లేదు.

మిగిలింది వినిపించమంది.
ఏసీ రొద, పొట్టు గలగల, నడుమ ఆమె గొంతు.
"ఓలమ్మో, ఇది మా యమ్మ గొంతు కదా!
నేనెప్పుడు నేర్చుకున్యా ఇట్లా మాట్లాడేది?"
మళ్లీ పెట్టమంది. ఆ ముక్క తనకు పంపమంది.
ముప్పై మూడు సెకన్లు.
నా దగ్గర్నుంచి ఆమె అడిగింది అదొక్కటే.

ఏడింటికి పనింటి డ్రైవరు హారన్ కొట్టాడు.
లేస్తూ గుప్పెడు వెల్లుల్లి నా సంచిలో పోసింది.
తీసుకోకూడదు, మాకు రూల్ ఉందన్నాను.
"నీ రూలు రాసేటప్పుడు నన్నడిగినారా?"

ఫర్వానియా దాకా బస్సంతా అదే వాసన.
వంటింట్లో రూమ్మేట్ అడిగింది,
ఇంత ఓపిగ్గా ఎవరు వలిచారివి, గోటి గాటైనా లేదు?
తెలిసినావిడ, అన్నాను.
పేరడిగింది.
పొయ్యి వెలిగించాను.